పలికే చెక్క

ఏ పనికి ఏ కర్ర తగునో ఎరగడం వడ్రంగానికి తొలి పాఠం. బొబ్బిలి వీణకు పనస, కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు. ఈ జతలను ఏ గ్రంథమూ నిర్ణయించలేదు. తరతరాల చేతి అనుభవం నిర్ణయించింది. పొణికి తేలికైనది, మెత్తనిది, ఉలికి ఇట్టే లొంగుతుంది. అంతమాత్రాన దానితో వీణ చేయాలని ఎవరూ తలపెట్టరు. పనసకు బొమ్మకు కావలసిన తేలికదనం లేదు. కాని మీటిన తీగ కంపనాన్ని అందుకొని, కొంతసేపు నిలుపుకొని, గాలిలోకి వదిలే గుణం దానికి ఉంది. బొమ్మలు చేసేవాడు కలపను కంటితో, చేతితో ఎంచుకుంటాడు. వాద్యం చేసేవాడు వాటితోపాటు చెవితోనూ ఎంచుకోవలసి ఉంటుంది.

చెవితో కలపను ఎంచుకునే ఈ విద్య మన దేశానికే పరిమితం కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగంలో, అలబామా, ఆర్కాన్సా, దక్షిణ కరోలినా వంటి రాష్ట్రాలలో, ఇంటి వెనుక చిన్న కార్ఖానాలలో జానెడు పొడవైన ఒక చెక్కపెట్టెను చేసేవారు ఉన్నారు. దానిలో ఏ వస్తువూ దాచరు. దాని మూతను పక్కపలక అంచుపై నెమ్మదిగా రాస్తే అచ్చం పక్షి కూతలా శబ్దం వస్తుంది. ఆ శబ్దాన్ని వినవలసిన శ్రోత మనిషి కాదు, అడవిలోని టర్కీ కోడి. ఆ శ్రోతను మెప్పించడం సభలోని రసికులను మెప్పించడం కంటె తేలికేమీ కాదు.

కోళ్ళఫారాలలో పెరిగే లావుపాటి టర్కీ కోడిని చూసినవారు అడవి టర్కీని ఊహించలేరు. అది ఉత్తర అమెరికాకు చెందిన పక్షి. పొడవైన కాళ్ళతో వేగంగా పరుగెత్తుతుంది, అవసరమైతే ఎగిరిపోతుంది, రాత్రి చెట్టు కొమ్మలపై నిద్రిస్తుంది. దాని చూపు, వినికిడి రెండూ చురుకైనవే. వసంతంలో జతకట్టే కాలం రాగానే పుంజు తెల్లవారుజామున కొమ్మ మీదనే ఉండి గళగళమని కూస్తుంది. ఆ కూత విని పెట్టలు దాని దగ్గరకు వెళ్ళడం ప్రకృతి సిద్ధమైన క్రమం. వేటగాడు ఈ క్రమాన్ని తలకిందులు చేయాలి. తాను పెట్టలా కూసి పుంజును తన దగ్గరకు రప్పించుకోవాలి. తుపాకి దెబ్బ తగలాలంటే ఆ పక్షి దాదాపు 40 గజాల లోపలికి రావాలి. పెట్టె పలికిన స్వరంలో ఏ కొంచెం తేడా ఉన్నా పుంజు దూరంగానే నిలిచిపోతుంది. లేదా చప్పుడు చేయకుండా వెనుదిరుగుతుంది. కర్ర ఎంపికలో జరిగిన పొరపాటుకు మౌనమే తీర్పు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువుల, పక్షుల వేటను నిషేధించింది. అమెరికాలో వేట అనుమతి పత్రానికి, నిర్ణీత రోజులకు, నిర్ణీత సంఖ్యకు లోబడి సాగుతుంది. వసంతకాలపు వేట సాధారణంగా పుంజులకే పరిమితం. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే ఆ చిన్న పెట్టెకు అక్కడ అంతటి విలువ ఎందుకు వచ్చిందో బోధపడుతుంది.

టర్కీని పిలిచే సాధనం మొదట కర్రతో చేసినది కాదు. అమెరికా ఆదివాసులు ఆ పక్షి రెక్క ఎముకలనే గొట్టంగా అమర్చి, గాలిని లోపలికి పీల్చుతూ పెట్ట కూతను పలికించేవారు. కర్రపెట్టె చాలా తరువాతిది. ఆర్కాన్సా రాష్ట్రానికి చెందిన హెన్రీ గిబ్సన్ 1897లో ఇటువంటి పెట్టెకు పేటెంటు పొందాడు. నేటి పెట్టెలు ఆ మూల రూపానికి ఎంతో దూరం పోలేదు. అడుగున మందమైన చెక్క. రెండు కొసల రెండు దిమ్మలు. రెండు పక్కలా మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ మందం గల పలుచని పలకలు. పైన పిడి ఉన్న మూత. ఆ మూతను ఒక కొసన మరమేకుతో వదులుగా బిగిస్తారు. పక్కపలకల పై అంచులు కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. మూత అడుగు భాగం కూడా కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. అందువల్ల మూత కదిలేటప్పుడు పలక అంచును ఒక్క బిందువు వద్దనే తాకుతుంది. కొందరు నిపుణులు పలకలు అతికించకుండా ఒకే దిమ్మను తొలిచి పెట్టె చేస్తారు. ఒకే కర్రలో తొలిచిన వీణను మనవారు ఏకాండి వీణ అని గౌరవించినట్లే అక్కడివారు ఆ ఏకఖండపు పెట్టెలను గౌరవిస్తారు.

శబ్దం పుట్టే తీరును గమనించాలి. మూతకు సుద్ద రాసి అంచుపై జరిపితే, అది నునుపుగా జారిపోదు. క్షణకాలం అంటుకుంటుంది, వెంటనే జారుతుంది, మళ్ళీ అంటుకుంటుంది. సెకనుకు వందల సార్లు జరిగే ఈ అంటుకోవడం, జారడం పలుచని పలకను వణికిస్తాయి. వయొలిన్ కమాను తీగపై చేసే పని కూడా ఇదే. అక్కడ రాసేది రాళ్ళజిగురు, ఇక్కడ రాసేది సుద్ద. వయొలిన్ విద్వాంసుడు శుద్ధమైన స్వరాన్ని కోరుకుంటాడు. ఈ పెట్టె చేసేవాడికి అది చాలదు. పెట్ట కూతలో మొదట సన్నని స్పష్టమైన స్వరం వినబడుతుంది. మరుక్షణమే అది విరిగి, కిందికి దిగి, జీరగా ముగుస్తుంది. ఒకే కదలికలో ఈ రెండు స్వరాలూ పలకాలి. మొదటి స్వరం మాత్రమే పలికే కర్ర ఈలలా వినిపిస్తుంది. రెండవది మాత్రమే పలికితే తలుపు కీలు కిర్రుమన్నట్లు ఉంటుంది. ఆ విరుపు ఎక్కడ రావాలో అక్కడ రావడమే ఈ పని అంతటిలోకీ కష్టమైన భాగం. కలప ఎంపిక అంతా దాని కోసమే.

పెట్టె చేసేవారు ఎక్కువగా ఆశ్రయించేది పసుపు పాప్లర్. పేరులో పాప్లర్ ఉన్నా అది ఆ జాతి చెట్టు కాదు. మన సంపెంగకు దగ్గరి చుట్టం. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. తూర్పు అమెరికా అడవులలో ఇది నిటారుగా, చాలా ఎత్తు వరకు కొమ్మలు లేకుండా పెరుగుతుంది. కనుక దీని పలకలలో ముడులు తక్కువ, పోగు తిన్నన. ఆరిన పాప్లర్ బరువు ఘనపు మీటరుకు సుమారు 450 కిలోలు. టేకు 650 వరకు తూగుతుంది. చూపుకు ఇది ఏమంత అందమైన కలప కాదు. లేత పసుపు తెలుపు, మధ్యలో ఆకుపచ్చ చారలు. బీరువాల లోపలి భాగాలకు, రంగు వేసి కప్పివేసే సామానుకు వాడతారు. అటువంటి చవక కలప పక్షి గొంతును అనుకరించడంలో మాత్రం అగ్రస్థానంలో నిలిచింది. తేలికైన పలక స్వల్పమైన రాపిడికే కదులుతుంది; మెత్తని అంచు సుద్దను పట్టి ఉంచుతుంది; స్వరం పదునుగా కాక కొంచెం గుండ్రంగా వస్తుంది.

దాని తరువాత చెప్పుకోవలసినది తూర్పు ఎర్ర సీడారు. ఇది కూడా పేరుకు మాత్రమే సీడారు. నిజానికి జూనిపర్ జాతి చెట్టు. ఒకప్పుడు అమెరికాలో పెన్సిళ్ళు దీనితోనే చేసేవారు. దాని చేవ ఎర్రగా, సువాసనతో ఉంటుంది. సీడారు పెట్టె పాప్లర్ పెట్టె కంటె కొంత పదునుగా పలుకుతుంది. గాలి వీచే రోజున దూరానికి వినబడే గొంతు అది. అయితే దీనితో చిక్కులూ ఉన్నాయి. ఈ చెట్టుకు కిందినుంచీ కొమ్మలు వస్తాయి గనుక పలకలలో ముడులు ఎక్కువ. ముడి ఉన్నచోట పోగు దారి మళ్ళుతుంది, కంపనం కూడా దారి తప్పుతుంది. పైగా పోగు వెంబడి సులభంగా చీలిపోతుంది. ఒక పెద్ద సీడారు పలకలో పెట్టెకు పనికివచ్చే ముడిలేని భాగం ఒక్కొక్కసారి మూరెడు కూడా దొరకదు. మిగిలినది పొయ్యిపాలు కావలసిందే.

మూత సంగతి వేరు. పక్కపలక వణకాలి, మూత ఆ వణుకును పుట్టించాలి గాని తాను దానిని మింగివేయకూడదు. అందుచేత చాలామంది మూతకు పెట్టె కంటె గట్టి కర్రను ఎన్నుకుంటారు. కలప గట్టిదనాన్ని కొలవడానికి జంకా పరీక్ష అని ఒక పద్ధతి ఉంది. 11.28 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు గుండును కర్రలోకి సగం వరకు దిగేట్లు నొక్కడానికి ఎంత బలం కావాలో చూస్తారు. పసుపు పాప్లర్‌కు సుమారు 540 పౌనులు చాలు. చెర్రీకి 950, నల్ల వాల్‌నట్‌కు 1,010 కావాలి. హికరీకి 1,800 దాటుతుంది. పాప్లర్ పెట్టెపై వాల్‌నట్ మూత, సీడారు పెట్టెపై చెర్రీ మూత వంటి జతలు అందుకే వాడుకలోకి వచ్చాయి. మెత్తని దానిపై గట్టిది జరిగినప్పుడు స్వరం విరిగే స్థానం స్థిరంగా ఉంటుంది. రెండూ మరీ గట్టివైతే పెట్టె కీచుమంటుంది. రెండూ మరీ మెత్తనివైతే గొంతు లోపలే ఉండిపోతుంది. ఇది సాధారణ నియమమే గాని శాసనం కాదు. పాప్లర్ మీద పాప్లర్ మూతనే అమర్చి చక్కగా పలికించినవారూ ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. పుస్తకాలలోని పట్టికలు కర్ర పేరును చెబుతాయి; పనివాడి చేతికి వచ్చేది కర్ర ముక్క. ఒకే చెట్టులో మొదలు దగ్గరి చెక్క ఒకరకంగా, పైభాగపు చెక్క మరొకరకంగా పలుకుతుంది. దట్టమైన అడవిలో వెలుతురు కోసం పోటీపడి నిదానంగా పెరిగిన చెట్టుకు వార్షిక వలయాలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. పొలం గట్టున ధారాళంగా పెరిగిన చెట్టుకు అవి వెడల్పుగా ఉంటాయి. ఈ రెండింటి పేరూ పాప్లరే, ధరా ఒకటే. కాని మూడు మిల్లీమీటర్ల పలకగా చీల్చినప్పుడు అవి ఒకే గొంతుతో పలకవు. అందువల్ల అనుభవజ్ఞుడు కోతమిల్లుకు వెళ్ళినప్పుడు ముందుగా పలక కొసను చూస్తాడు. వలయాలు ఎంత దగ్గరగా ఉన్నాయో, అవి పలక వెడల్పుకు ఏ కోణంలో ఉన్నాయో గమనిస్తాడు. వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉండేట్లు కోసిన చెక్క తేమ మారినా తక్కువగా వంగుతుంది. తరువాత అంచు వెంబడి పోగును చూస్తాడు. పోగు ఒక కొస నుంచి మరొక కొసకు తెగకుండా సాగాలి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తే, కలపలో పోగు వెంబడి దాదాపు 4 వేల మీటర్లు ప్రయాణిస్తుంది. పోగుకు అడ్డంగా అయితే ఆ వేగం ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. పోగు వాలుగా తెగిన పలకలో కంపనం మందగించడానికి కారణం ఇదే.

ఆ తరువాతిది మోగించే పరీక్ష. పలకను కొసకు కొంచెం లోపలగా రెండు వేళ్ళతో వదులుగా పట్టుకొని, మధ్యలో వేలి కణుపుతో తట్టాలి. కొత్తకుండను కొనేటప్పుడు మన ఇళ్ళలో స్త్రీలు చేసే పరీక్ష వంటిదే ఇది. ఖంగుమని మోగి, ఆ మోత కొంతసేపు నిలిస్తే చెక్క ఆరోగ్యంగా ఉన్నట్లు. దబ్బుమని ఆగిపోతే లోపల తేమ ఉందనో, కంటికి కనబడని పగులు ఉందనో, కుళ్ళు మొదలైందనో అర్థం. ఈ పరీక్షకు ఖర్చు లేదు, యంత్రం అక్కర లేదు. అలవాటు పడిన చెవి ఒక్కటే కావాలి. ఆ చెవి అలవడడానికి మాత్రం వందల పలకలు తట్టవలసి వస్తుంది.

తేమ విషయంలో తొందరపాటు పనికిరాదు. అప్పుడే నరికిన దుంగలో ఆరిన చెక్క బరువుకు దాదాపు సమానమైన నీరు ఉండవచ్చు; ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువే ఉంటుంది. నీడలో, గాలి తగిలేట్లు పేర్చి ఆరబెడితే అంగుళం మందానికి ఒక సంవత్సరం పడుతుందని వడ్రంగుల లెక్క. ఆరేటప్పుడు చెక్క పొడవు దాదాపు మారదు, వెడల్పు తగ్గుతుంది. పచ్చికర్రతో చేసిన పెట్టె కొన్నాళ్ళకు అతుకుల దగ్గర విడిపోతుంది, లేదా పలక మెలితిరిగి మూత అంచును తాకవలసిన చోట తాకదు. అప్పటివరకు చక్కగా పలికిన పెట్టె ఒక వేసవి గడిచేసరికి మూగబోతుంది. పాడుబడిన ధాన్యపు కొట్టాల దూలాలను, పాత ఇళ్ళ పలకలను పనివారు అంత శ్రద్ధగా సేకరించడానికి ఒక కారణం ఇదే. ఎనభై, వంద ఏళ్ళపాటు ఎండకు, చలికి అలవాటుపడిన చెక్క ఇక కొత్తగా కదలవలసినది ఏమీ ఉండదు.

ఎంచుకున్న చెక్క పెట్టెగా మారిన తరువాత కూడా ఎంపిక ముగియదు. పక్కపలకను పలుచన చేసేకొద్దీ దాని స్వరం దిగుతుంది. బరువైన కలప అయితే మరింత పలుచన చేయాలి. తేలికైనదైతే కొంత మందం ఉంచాలి. పనివాడు పలకను చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, మూత జరిపి వింటాడు, మళ్ళీ రుద్దుతాడు. ఒక పలకను సన్నని గొంతుకు, రెండవ పలకను ముదురు గొంతుకు శ్రుతి చేస్తే ఒకే పెట్టెలో రెండు పక్షులు పలుకుతాయి. తీసివేసిన చెక్కను తిరిగి అతికించే ఉపాయం లేదు గనుక చివరి నాలుగు రాపిడులు మొదటి నాలుగు వందల కంటె విలువైనవి. పైకి వార్నీషు పూయవచ్చు, అదీ పలుచగా. మూత అడుగున, పలక అంచున మాత్రం ఏ పూతా తగలకూడదు. నూనె గాని, మైనం గాని కలిసిన సుద్దను వాడకూడదు. జిడ్డు తగిలితే రాపిడి పోతుంది; రాపిడి పోతే శబ్దమే లేదు. వర్షంలో తడిసినా అంతే. ఈ పెట్టెకు వాన బద్ధశత్రువు.

ఇంకొక రకం సాధనం గుండ్రని గిన్నె ఆకారంలో ఉంటుంది. చెర్రీ లేదా వాల్‌నట్ కర్రను తొలిచి, పైన పలుచని నల్లపలక రాతినో, గాజునో అమర్చుతారు. దానిపై చిన్న పుల్లతో గీస్తే కూత వస్తుంది. గిన్నె కర్ర కంటె పుల్ల కర్రదే ఇక్కడ పెత్తనం. హికరీ పుల్లతో గీస్తే ఒక పెట్ట, సీడారు పుల్లతో గీస్తే మరొక పెట్ట కూసినట్లుంటుంది. వేటగాళ్ళు ఒక్క గిన్నెతోపాటు మూడు నాలుగు పుల్లలు వెంట ఉంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పటివరకు చెప్పినవన్నీ అమెరికా అడవులలో దొరికే కలపలే. ఈ పనిలోకి వచ్చిన కొత్తవారిని ఎక్కువగా ఆకర్షించేవి మాత్రం దూరదేశాల కలపలు. మధ్య, దక్షిణ అమెరికాలలో పెరిగే పర్పుల్‌హార్ట్ కోసినప్పుడు గోధుమరంగులో ఉండి, గాలి తగిలేకొద్దీ వంగపండు రంగుకు తిరుగుతుంది. కోకోబోలో నారింజ, నలుపు చారలతో కళ్ళను కట్టిపడేస్తుంది. ఇవి పుల్లలకు బాగా పనికివస్తాయి. పర్పుల్‌హార్ట్ మూతకూ మంచిదే. కాని చారల అందం చూసి పెట్టె మొత్తాన్ని వీటితో చేసినవారికి తరచు నిరాశే ఎదురవుతుంది. బరువైన పలకను కదిలించడం కష్టం. కదిలినా స్వరం పదునుగా, లోహం మోగినట్లుగా ఉంటుంది. కోకోబోలోలో సహజంగా ఉన్న నూనె జిగురును పట్టనివ్వదు. దాని పొడి కొందరి చర్మంపై దద్దుర్లు పుట్టిస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా దానిని కోయరాదు. అలంకారానికి చేసిన పెట్టెలకు, వేటకు చేసిన పెట్టెలకు పోటీలను వేరుగా నిర్వహించే సంప్రదాయం ఊరికే ఏర్పడలేదు. కూతల పోటీలలో న్యాయనిర్ణేతలను తెర వెనుక కూర్చోబెడతారు. కంటికి జోక్యం లేనప్పుడు చెవి నిజం చెబుతుందని ఆ ఏర్పాటు.

అరుదైన కలపతో మరొక చిక్కు ఉంది. పెద్ద ఆకుల మహాగని 2003 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. మన అడవుల జిట్టేగితో సహా రోజ్‌వుడ్ జాతులన్నీ 2017 నాటికి ఆ జాబితాలో చేరాయి. కోకోబోలో కూడా ఆ కుటుంబానిదే. జానెడు పెట్టెకు పట్టే కలప ఎంతని అనిపించవచ్చు. ఒక్క పెట్టె వల్ల ఏ అడవీ తరిగిపోదు, నిజమే. కాని పెరటిలోని పాప్లర్ మేలుగా పలికే పనికి, వేల మైళ్ళ అవతల తరిగిపోతున్న చెట్టును కొట్టించి తెప్పించుకోవడంలో శిల్పవివేకం కనబడదు. చెట్లు ఎలా మాయమవుతాయో అమెరికన్లకు ఒకరు చెప్పనక్కరలేదు. వారి అడవులలో ఒకప్పుడు చెస్ట్‌నట్ చెట్లు కోట్ల సంఖ్యలో ఉండేవి. 1904లో న్యూయార్క్ నగరంలో బయటపడిన ఒక శిలీంధ్రపు తెగులు అర్ధశతాబ్దం తిరిగేసరికి వాటిని దాదాపుగా తుడిచిపెట్టింది. తేలికగా, తిన్నని పోగుతో ఉండే ఆ కలప పెట్టెలకు చక్కగా నప్పుతుంది. ఇప్పుడు అది పాత కొట్టాలను పడగొట్టినప్పుడు మాత్రమే దొరుకుతోంది, అదీ పురుగు తొలిచిన రంధ్రాలతో. తెల్ల వాల్‌నట్ అనే బటర్‌నట్‌ను కూడా 1967లో గుర్తించిన ఒక తెగులు పీడిస్తూ వస్తోంది.

పక్షి కథ కూడా కొంతవరకు ఇటువంటిదే. అడ్డూ అదుపూ లేని వేట వల్ల, అడవుల నరికివేత వల్ల ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళకు అడవి టర్కీ చాలా రాష్ట్రాలలో పూర్తిగా కనుమరుగైంది. 1937లో వచ్చిన ఒక చట్టం తుపాకుల, తూటాల అమ్మకంపై పన్ను ద్వారా వచ్చే డబ్బును వన్యప్రాణుల పునరుద్ధరణకు కేటాయించింది. ఆ తరువాతి దశాబ్దాలలో మిగిలి ఉన్న పక్షులను వలలతో పట్టి, ఖాళీ అయిన అడవులలో విడిచిపెట్టారు. 1973లో ఈ పక్షి రక్షణ కోసం జాతీయ అడవి టర్కీ సమాఖ్య ఏర్పడింది. ఈ శతాబ్దారంభానికి వాటి సంఖ్య అరవై లక్షలు దాటింది. ఇటీవలి కాలంలో ఆగ్నేయ రాష్ట్రాలలో కొన్నిచోట్ల మళ్ళీ తగ్గుతోంది. పక్షి తిరిగి రాకపోయి ఉంటే ఈ పెట్టెలు మ్యూజియం వస్తువులుగా మిగిలేవి. చెస్ట్‌నట్ అడవులు మాత్రం ఇంతవరకు తిరిగి రాలేదు.

ఈ కళలో పేరు పొందినవారిలో దక్షిణ కరోలినాకు చెందిన నీల్ కాస్ట్ ఒకరు. 2002లో ఆయన మరణించారు. ఇటలీ వయొలిన్ శిల్పి స్ట్రాడివారితో ఆయనను పోల్చుతారు. ఆయన చేతి పెట్టెలను సేకరించేవారు వాటికి పెద్ద వెల ఇస్తారు. అంత వెల పెట్టి కొన్న పెట్టెను ఎవరూ అడవికి తీసుకువెళ్ళరు, గాజుబీరువాలో ఉంచుతారు. పుంజును పిలవడానికి పుట్టిన చెక్క అక్కడ పలకకుండా ఉండిపోతుంది. దానికి ఆ గౌరవం మేలో, వసంతంలో ఒక తెల్లవారుజామున సుద్ద రాయించుకొని మంచులో తడవడం మేలో అన్న ప్రశ్నకు సేకరణకర్తలది ఒక సమాధానం, వేటగాళ్ళది మరొకటి.

పెట్టె పూర్తి అయిన తరువాత పనివారు దాని అడుగున పేరు, సంవత్సరం, వరుస సంఖ్య రాస్తారు. చాలామంది వాటితోపాటు రెండు కర్రల పేర్లూ రాస్తారు: పెట్టెది ఒకటి, మూతది ఒకటి. పెట్టె బాగా పలికితే తరువాతి పెట్టెకు ఆ జత గుర్తుండాలి. పలకకపోతే కూడా గుర్తుండాలి.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. పక్షిని పిలిచే పెట్టెకు కలపను ఎంచుకునేటప్పుడు పనివాడు గమనించే విషయాలను వివరించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. పెట్టెకు ఒక కర్ర, మూతకు మరొక కర్ర ఎందుకు వాడతారు?
2. పాత ఇళ్ళ, కొట్టాల కలపకు ఉన్న విలువను తెలపండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పసుపు పాప్లర్ మన ప్రాంతపు ఏ చెట్టుకు దగ్గరి బంధువు?
2. పలక పలుచన అయ్యేకొద్దీ స్వరం ఏమవుతుంది?
3. కూతల పోటీలలో న్యాయనిర్ణేతలు ఎక్కడ కూర్చుంటారు?